సింధియా బస్సులో వాటాల కబుర్లు

కూర్మన్నపాలెం కూడలిలో సింధియా వైపు బస్సు కోసం నిలబడితే విశాఖ స్టీల్ ప్లాంటు ఆర్చి కళ్లెదుట కనిపిస్తుంది. ప్లాంటును అమ్మొద్దంటూ 2021 ఫిబ్రవరిలో ఇక్కడే రిలే దీక్షలు మొదలై ఏళ్ల తరబడి నడిచాయి. కంపెనీ మన మాట వినేలా చేయాలంటే గేటు ముందు టెంటు వేయడం ఒక దారి. షేర్లు చేతిలో పెట్టుకుని ఓటు వేయడం ఇంకో దారి. ఆ రెండో దారి ఎలా పని చేస్తుందో చూడ్డానికి ముంబై దాకా పోనక్కర్లేదు, ఈ బస్సెక్కితే సగం తెలిసిపోతుంది.

◆ స్టీల్ ప్లాంటుకు వాటాదారు ఒక్కరే. ప్లాంటును నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ షేర్లన్నీ భారత రాష్ట్రపతి పేరున, రాష్ట్రపతి తరఫు నామినీల పేరున ఉంటాయి. 2010లో నవరత్న హోదా వచ్చాక పది శాతం వాటాను మార్కెట్లో పెట్టాలని 2012లో సెబీకి కాగితాలు పంపారు. ఆ ఇష్యూ వాయిదాల మీద వాయిదాలు పడి ఆగిపోయింది. అందుకే 2021 జనవరి 27న వంద శాతం అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, వద్దని ఓటు వేయడానికి ఇంకో వాటాదారు లేడు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించిందీ ఆ ఒక్క వాటాదారే. విస్తరి వేసేదీ ఆ చెయ్యే, ఎత్తేసేదీ ఆ చెయ్యే.

◆ మరి ఆ స్టీల్ ప్లాంటే ఇంకో లిస్టెడ్ కంపెనీకి పెద్ద వాటాదారు అంటే నమ్ముతారా? 2011 జనవరిలో ఈస్టర్న్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కోల్‌కతా కంపెనీలో 51 శాతం దీని చేతికొచ్చింది. ఆ కంపెనీకి ఒరిస్సా మినరల్స్ డెవలప్‌మెంట్ కంపెనీలో సగానికి కాస్త ఎక్కువ వాటా ఉంది. ఒరిస్సా మినరల్స్ షేర్లు స్టాక్ ఎక్స్‌ఛేంజీలో రోజూ చేతులు మారుతుంటాయి. పైగా అది ఇనుప ఖనిజం కంపెనీ! సొంత గనుల్లేవని విశాఖ ఉక్కు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటుంటే, కాగితం మీద గనుల కంపెనీయే చేతిలో ఉందన్నమాట. కానీ లీజుల గడువు తీరి 2010 నాటికే అక్కడ తవ్వకాలు ఆగిపోయాయి. వాటా ఉన్నంత మాత్రాన గంప నిండదు.

◆ గాజువాక దాటేలోపు ఒక లెక్క. మామూలు తీర్మానానికి పడిన ఓట్లలో సగానికి పైన వస్తే చాలు. ప్రత్యేక తీర్మానానికి 75 శాతం కావాలి. అంటే పాతిక శాతానికి మించి చేతిలో ఉన్నవాడు ఏమీ నడపలేకపోయినా ఏ ప్రత్యేక తీర్మానాన్నైనా ఆపగలడు. ఇందుకు సాక్ష్యం మన రోడ్ల మీదే తిరుగుతోంది. బుల్లెట్ బండ్లు చేసే ఐషర్ మోటార్స్‌లో 2021 ఆగస్టులో యజమాని సిద్ధార్థ లాల్‌ను జీతంతో సహా మళ్లీ నియమించే తీర్మానానికి 73 శాతం ఓట్లు పడ్డాయి, అయినా వీగిపోయింది. జీతం పరిమితి తగ్గించి మళ్లీ తెచ్చాకే నెగ్గింది. పరీక్షల్లో 73 వస్తే ఇంట్లో పాయసం వండుతారు!

◆ మింది దగ్గర హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ కథ ఈ దారిలో అన్నిటికన్నా రుచిగా ఉంటుంది. 2002లో కేంద్రం ఈ కంపెనీలో 26 శాతాన్ని స్టెర్‌లైట్‌కు 445 కోట్లకు అమ్మింది. తర్వాత ఆ గ్రూపు (ఇప్పటి వేదాంత) వాటా 64.92 శాతానికి పెరిగింది. 2012లో మన స్మెల్టర్ మూతపడింది. ప్రభుత్వం చేతిలో మిగిలిన 29.54 శాతం సంగతి ఊళ్లో అందరూ మరచిపోయారు.

2023 జనవరిలో ఆ వాటా నిద్ర లేచింది. యజమాని వేదాంతకు ఆఫ్రికాలో ఉన్న జింక్ గనుల్ని హిందుస్థాన్ జింక్ కొనాలని, అందుకు దాదాపు 300 కోట్ల డాలర్లు ఇవ్వాలని బోర్డు తీర్మానించింది. ఆ కంపెనీ గల్లాపెట్టెలో నగదు దండిగా ఉంది, వేదాంత నెత్తిన అప్పులు దండిగా ఉన్నాయి. తండ్రి తన పాత ఇల్లు కొడుకు చేత కొనిపించినట్టుంది బేరం. ఇక్కడే చట్టం అడ్డు నిలిచింది. సొంతవాళ్ల మధ్య ఇలాంటి బేరాలకు వాటాదారుల ఆమోదం కావాల్సి వస్తే, బేరంతో సంబంధమున్నవాళ్లు అనుకూలంగా ఓటు వేయకూడదు. వేదాంత 64.92ను పక్కన పెడితే మిగిలేది 35.08 శాతం. అందులో 29.54 కేంద్రానిది. అంటే లెక్కలోకి వచ్చే ఓట్లలో నూటికి 84! మైనారిటీ వాటాదారు ఒక్కసారిగా ఇంటి పెద్దయ్యాడు. ఫిబ్రవరిలో కేంద్రం వద్దంటూ లేఖ రాసింది. అవసరమైతే కోర్టుకైనా వెళ్తామంది. ఓటింగు దాకా పోకుండానే బేరం గడువు తీరి మురిగిపోయింది.

ఇది చదివి మా గాజువాక మిత్రుడొకాయన ఎదురు ప్రశ్న వేశాడు. "నగదు కాపాడడానికి వాడిన ఆ వాటాని మన స్మెల్టర్ మూతపడేటప్పుడు ఎందుకు వాడలేదు?" అతనిది మంచి ప్రశ్నే. ఏదో ఒక యూనిట్ మూయాలా వద్దా అనేది ఓటింగుకు వచ్చే విషయం కాదు, యాజమాన్యం చేతిలో పని. పెద్ద వాటాదారు ఫోన్ చేసి నచ్చజెప్పవచ్చు గానీ, చెయ్యెత్తి ఆపే చోటు అక్కడ లేదు.

◆ మల్కాపురం రిఫైనరీ మీది హెచ్‌పీ బోర్డు వెనక 2018 జనవరి నుంచి యజమాని ఓఎన్‌జీసీ. 51.11 శాతం వాటాకు కేంద్రానికి చెల్లించింది 36,915 కోట్లు. తమాషా ఏమిటంటే, అంత డబ్బు పోసినా హెచ్‌పీసీఎల్ తన కాగితాల్లో ఓఎన్‌జీసీని ప్రమోటర్‌గా రాయడానికి 2019 దాకా ఒప్పుకోలేదు. పెళ్లయిన ఏడాదిన్నరకి గానీ శుభలేఖలో పెళ్లికొడుకు పేరు అచ్చు కాలేదు.

◆ గంగవరం వైపు చూడండి. ఆ పోర్టులో వార్‌బర్గ్ పింకస్ అనే అమెరికా పెట్టుబడి సంస్థకు 31.5 శాతం, మన రాష్ట్ర ప్రభుత్వానికి 10.4 శాతం ఉండేవి. 2021లో రెండూ అదానీ పోర్ట్స్‌కు చేరాయి, మొదటిది 1,954 కోట్లకు, రెండోది 645 కోట్లకు. 2022 చివరికి అదానీ పోర్ట్స్‌లో ఎల్‌ఐసీకి సుమారు తొమ్మిది శాతం వాటా ఉంది. ఆ ఎల్‌ఐసీలో 96.5 శాతం కేంద్రానిది. ఉక్కునగరంలో మూడు నెలలకోసారి ప్రీమియం కట్టే ఇల్లాలి డబ్బు ఎన్ని మలుపులు తిరిగి ఎదురుగా ఉన్న రేవుకే చేరిందో చూశారా! ఓటు మాత్రం ఆమెది కాదు, ఎల్‌ఐసీది.

◆ సింధియా దాటితే పోర్టు. అది కూడా పెద్ద వాటాదారే. విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న లిస్టెడ్ కంపెనీ డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో కేంద్రానికి ఉన్న 73 శాతం పైచిలుకు వాటాను 2019 మార్చిలో నాలుగు పోర్టులు కొన్నాయి. విశాఖ వాటా 19.47 శాతం. పారాదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్ పోర్టులకు తలా 18. రేవుల పూడిక తీసే కంపెనీకి రేవులే యజమానులు. ప్రైవేటుకు అమ్ముతారని భయపడినవాళ్లకు ఊరట, ప్రభుత్వ ఖజానాకు డబ్బు. ఖాతాదారే యజమాని అయితే కూలి రేటు ఎవరు తేల్చాలన్న ప్రశ్న ఒకటి మిగిలింది.

◆ పెద్ద వాటాదారుల కోపం ఎంత వేగంగా పని చేస్తుందో తెలుగువాళ్లు హైదరాబాద్‌లో కళ్లారా చూశారు. 2008 డిసెంబరు 16 సాయంత్రం సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకు కొంటామంది. సత్యం ఇంగ్లిషు అక్షరాల్ని తిరగేస్తే వచ్చేదే మేటాస్. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు, ఐఎస్‌బీ డీన్ లాంటి పెద్దలున్నారు. వాళ్లు ఆపలేదు. ఆపింది మ్యూచువల్ ఫండ్లు, విదేశీ ఫండ్లు. అప్పటికి రాజు కుటుంబం వాటా పది శాతం కూడా లేదు, సగానికి పైగా షేర్లు సంస్థల దగ్గరే ఉన్నాయి. ఆ రాత్రే న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయింది. తెల్లారకముందే బేరం రద్దు. ఆ బేరంతో పూడ్చాలనుకున్న దొంగలెక్కల గొయ్యి ఏమిటో 2009 జనవరి 7న రాజు లేఖతో బయటపడింది. తర్వాత ప్రభుత్వం వేసిన కొత్త బోర్డులో ఎల్‌ఐసీ నుంచి ఎస్.బి.మైనక్‌నీ కూర్చోబెట్టారు. ఆ ఏప్రిల్‌లో షేరు 58 రూపాయల లెక్కన టెక్ మహీంద్రా కొంది.

నన్నడిగితే, మంచి బోర్డు కన్నా కోపమొచ్చిన ఫండ్ మేనేజరే వాటాదారుకు నమ్మకమైన కాపలా.

◆ ఆ ఫండ్ మేనేజరు ఎప్పుడూ మేలుకునే ఉంటాడని కాదు. తీర్మానాలపై ఎటు ఓటు వేశారో మ్యూచువల్ ఫండ్లు బయటపెట్టాలని సెబీ చెప్పింది 2010లో. తప్పనిసరిగా ఓటు వేయాలన్న నియమం మొదలైంది 2021 ఏప్రిల్‌లో. అంతకుముందు "గైర్హాజరు" అని రాసి ఊరుకునే వీలుండేది.

◆ నాకు షేర్లే లేవు అంటారా? 2015 ఆగస్టు నుంచి ఈపీఎఫ్‌ఓ కొత్తగా వచ్చే డబ్బులో కొంత భాగాన్ని స్టాక్ మార్కెట్ సూచీ ఫండ్లలో పెడుతోంది. మొదట 5 శాతం, తర్వాత 15 దాకా. ఆటోనగర్‌లో పని చేస్తూ పీఎఫ్ కట్టే వెల్డరు కూడా దేశంలోని పెద్ద కంపెనీలకు చిటికెడు యజమానే.

మీ పేరునే షేర్లుంటే మాత్రం, ఏటా ఏజీఎం ముందు ఈ-ఓటింగు మెయిల్ వస్తుంది. తెరవకుండా తీసేయకండి. సంబంధిత పార్టీల లావాదేవీ, అంటే సొంతవాళ్ల మధ్య బేరం, అన్న మాట ఎక్కడుందో ముందు వెతకండి.