యంత్రంలో షరాబు

వెండి రూపాయలు చలామణీలో ఉన్న రోజుల్లో షరాబు చేతికి నాణెం అందితే ముందు రాతి మీద మోగించి చూసేవాడు. ఖంగున పలికితే గల్లాపెట్టెలోకి, బొంగురుగా పలికితే తెచ్చినవాడి చేతికే. నాణెం మీది బొమ్మను నమ్మకుండా లోపలి లోహాన్నే నిలదీసేవాడు. అమెరికాలో సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్ ఆవరణలో, ఎండకూ వానకూ నిలబడి ఉండే వాక్యూమ్ డబ్బాలోనూ అలాంటి షరాబే కాపురం ఉంటాడు. పావు డాలరు బిళ్ళలు కొన్ని వేస్తే మోటారు తిరుగుతుంది, గొట్టం పట్టుకుని సీట్ల కింది దుమ్మంతా లాగేసుకోవచ్చు. వేసింది అసలు బిళ్ళో కాదో తేల్చేది మాత్రం అరచేతిలో ఇమిడే ఓ పరికరం. దాన్ని కాయిన్ యాక్సెప్టర్ అంటారు.

దీని మూలపురుషుడు గుళ్ళో పుట్టాడు. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న హీరో అనే మేధావి, నాణెం వేస్తే తీర్థం పోసే పాత్రను తన గ్రంథంలో వర్ణించాడు. 5 ద్రాక్మాల నాణెం చీలికలోంచి జారి మీట చివరనున్న పళ్ళెంలో పడుతుంది. ఆ బరువుకు మీట వంగి, రెండో కొస నీటి మూతను ఎత్తుతుంది. పళ్ళెం మరీ వంగాక నాణెం జారిపోతుంది, మూత పడుతుంది. ఎంత ముచ్చటైన ఊహ! కానీ ఆ మీటకు తెలిసింది బరువొక్కటే. అంత బరువున్న రేకుముక్క వేసినా తీర్థం పోసేదే.

1880లలో లండన్‌లో పోస్టుకార్డులు అమ్మే యంత్రాలు వచ్చాక ఈ లోపం వ్యాపార సమస్య అయింది. యంత్రం వెనకే చెల్లని కాసులూ వచ్చాయి. వ్యాసాన్నీ మందాన్నీ బరువునూ కొలిచినా సరిపోలేదు, లోహాన్ని పట్టుకోవాల్సి వచ్చింది. అక్కడ పనికొచ్చింది అయస్కాంతం. ఇనుప బిళ్ళ దానికి అతుక్కుపోతుంది సరే, అతుక్కోని లోహాల సంగతే అసలు అందం. కదిలే లోహం అయస్కాంతం పక్కగా పోతే అందులో విద్యుత్తు సుడులు తిరుగుతుంది. వీటినే ఎడ్డీ ప్రవాహాలంటారు. అవి బిళ్ళ పరుగుకు పగ్గం వేస్తాయి. విద్యుత్తును బాగా ప్రవహింపజేసే రాగి ఎక్కువ నెమ్మదించి ముందే కింద పడుతుంది. అంతగా ప్రవహింపజేయని లోహం వేగంగా దూకి హద్దు దాటిపోతుంది. సరైన నాణెం మాత్రం సరిగ్గా గల్లా నోట్లో పడుతుంది. షరాబు చెవితో విన్నదాన్ని ఈ యంత్రం బిళ్ళ నడకలో చదివింది.

ఈ షరాబుకు ప్రభుత్వం కూడా తలొగ్గిన ఘట్టం ఒకటుంది. వెండి కొరత వల్ల 1965లో అమెరికా తన పావు డాలరులోంచి వెండిని పూర్తిగా తీసేసింది. కేవలం రాగి, నికెల్ కలిపి పోత పోస్తే దేశమంతటా ఉన్న యంత్రాలు దాన్ని వెనక్కి నెట్టేవి. అందుకే నడుమ స్వచ్ఛమైన రాగి, రెండు పక్కలా 75 శాతం రాగి, 25 శాతం నికెల్ ఉన్న పొరలు పెట్టి, విద్యుత్ గుణం పాత వెండి నాణేనికి దగ్గరగా ఉండేలా తీర్చారు. 24.26 మిల్లీమీటర్ల వ్యాసం, 5.67 గ్రాముల బరువుతో నేటికీ అదే నడుస్తోంది. 1999 నుంచి ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బొమ్మ ముద్రించినా యంత్రాలకు పట్టలేదు, అవి బొమ్మ చూస్తే కదా.

బొమ్మ చూడకపోవడం వల్ల తంటా కూడా ఉంది. మన 1992 నాటి రూపాయి బిళ్ళనూ 2011 నాటి రెండు రూపాయల బిళ్ళనూ పక్కపక్కన పెట్టండి. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలే, రెండూ 25 మిల్లీమీటర్లే, 4.85 గ్రాములే. మనమైతే అంకె చూసి విడదీస్తాం, ఈ షరాబు ఎదుట మాత్రం అవి కవలలు.

ఇప్పటి ఎలక్ట్రానిక్ యాక్సెప్టర్లలో బిళ్ళ తీగచుట్టల మధ్యనుంచి జారుతుంది. ఒక రకంలో అసలు నాణెం ఒకటి లోపలే నమూనాగా బిగించి ఉంటుంది, వచ్చినదాన్ని దానితో పోల్చి చూస్తుంది. నాణెం మారితే నమూనా మారిస్తే చాలు. కెనడా పావు డాలరు చూడ్డానికి అమెరికా బిళ్ళలాగే ఉన్నా 2000 నుంచి ఉక్కుతో చేసింది, 4.4 గ్రాములే కాబట్టి ఇట్టే దొరికిపోతుంది.

అయితే వాక్యూమ్ డబ్బాలో తెలివికంటే ముందు ఓర్పు చూడాలి. కారు కడిగిన చేత్తో వేసే బిళ్ళ సబ్బునీళ్ళతో తడిసి ఉంటుంది. తడి బిళ్ళ దారికి అంటుకుని నెమ్మదిస్తే మంచిది కూడా చెడ్డదిగా లెక్కకొస్తుంది. దుమ్ము పేరుకుంటుంది, మోటారు అదురు మరలను వదులు చేస్తుంది, చలిదేశాల్లో నీరు గడ్డకట్టి దారి మూసేస్తుంది. అందుకే మలుపులు తక్కువగా, బిళ్ళ నిటారుగా జారిపోయే దారి ఉన్నదే మేలు. తిరిగిచ్చే మీట నొక్కగానే ఆ దారి మొత్తం విచ్చుకోవాలి, గుడ్డతో తుడవడానికి చెయ్యి పట్టాలి. దారం కట్టిన బిళ్ళను పైకి లాగకుండా అడ్డుకునే నాలుక కూడా ఉండాలి.

కఠినత్వం విషయంలో నా అభిప్రాయం వేరు. నోటుకు చిల్లరిచ్చే యంత్రంలో షరాబు రాయిలా ఉండాల్సిందే, అక్కడ పోయేది డబ్బు. వాక్యూమ్‌లో చెల్లని కాసు ఒకటి దూరితే పోయేది కాసేపటి కరెంటు. అదే అరిగిన మంచి బిళ్ళను మూడుసార్లు తిప్పికొడితే మనిషే వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. కాబట్టి ఇక్కడ కాస్త ఉదారంగా సర్దుబాటు చేసిన యాక్సెప్టరే నాకు నచ్చుతుంది. కొనేముందు కరపత్రంలోని అంకెలు పక్కనపెట్టి, కొత్తవీ అరిగినవీ తడిసినవీ కలిపి వంద బిళ్ళలు వేసి, ఎన్ని వెనక్కొచ్చాయో లెక్కపెట్టాలి. బిగించాక మొదటి పెద్దవాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ వందా మళ్ళీ వేసి చూడాలి.