పికప్ తొట్టికి ఒక సొరుగు

పికప్ వాహనంలో సరకు పెట్టే వెనుక తొట్టికి ముందు వైపు డ్రైవర్ గది గోడ, రెండు పక్కలా ఎత్తైన రేకు గోడలు ఉండి, తెరుచుకునేది వెనుక తలుపు ఒక్కటే కావడంవల్ల, ముందుగా లోపలికి చేర్చిన వస్తువు చివరగా గాని బయటికి రాదు. ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చినదే స్లైడింగ్ కార్గో ట్రే. తొట్టి నేలకు బిగించిన పట్టాల మీద, బేరింగుల సాయంతో, సరకుతో సహా వెనక్కి లాగగలిగే చదునైన బల్ల అది. బీరువా సొరుగుకూ దీనికీ సూత్రంలో భేదం లేదు. అయితే సొరుగు మోసేది పది కిలోల బట్టలైతే ఇది మోసేది మూడు, నాలుగు వందల కిలోల పనిముట్లు కాబట్టి, సొరుగులో ఎవరూ పట్టించుకోని బలాలు ఇక్కడ లెక్కకు వస్తాయి.

ఫోర్డ్ కంపెనీ 1925లో తన మోడల్ టీ కారుకు కర్మాగారంలోనే ఉక్కు తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు, ఆ తొట్టి పొడవు 56 అంగుళాలు, లోతు 13 అంగుళాలు మాత్రమే కావడంవల్ల, పక్కన నిలబడిన మనిషి గోడ మీదుగా చేయి చాచి ఏ మూలనున్న వస్తువునైనా అందుకోగలిగేవాడు. అప్పట్లో తొట్టి సన్నగా ఉండి, చక్రాల మీది మడ్‌గార్డులు దానికి బయట ఉండేవి. 1955లో షెవ్రోలే కంపెనీ కామియో కారియర్ అనే నమూనాలో ఈ పాత తొట్టికి బయటినుంచి ఫైబర్‌గ్లాస్ పలకలు తొడిగి, కారు ఒంటిలాగా నున్నగా కనిపించేటట్టు చేసింది. అది కేవలం అందం కోసం చేసిన మార్పే అయినా కొనుగోలుదారులకు నచ్చింది. 1957లో ఫోర్డ్ స్టైల్‌సైడ్, 1958లో షెవ్రోలే ఫ్లీట్‌సైడ్ నమూనాలు తొట్టినే బయటి గోడల దాకా వెడల్పు చేయడంతో చక్రాల గూళ్ళు తొట్టి లోపలికి వచ్చాయి. తరువాతి దశాబ్దాలలో నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే వాహనాలు పెరిగి తొట్టి నేల ఎత్తుకు వెళ్ళింది, గోడలు కూడా పెరిగాయి, వాన నుంచీ దొంగల నుంచీ కాపాడుకోవడానికి పైన మూతలు వచ్చాయి. మూత వేసిన తొట్టి నిజానికి ఒక గుహ. దాని లోపలి కొసన ఉన్న పెట్టెను తీయాలంటే మోకాళ్ళ మీద పాకవలసిందే.

అన్ని దేశాల వాహనాలకూ ఈ అవస్థ లేదు. జపానులోని కేయి అనే చిన్న ట్రక్కులకు, ఆస్ట్రేలియాలో రైతులు వాడే, యూట్‌లనే బల్లపరుపు తొట్టి పికప్‌లకు మూడు వైపుల పలకలూ కిందికి వాలుతాయి. తెలుగు రాష్ట్రాల రోడ్ల మీద కూరగాయలూ సిమెంటూ మోసే చిన్న వాహనాలలో చాలావాటికి కూడా కొక్కేలు తీస్తే పక్క పలకలు వాలిపోతాయి కాబట్టి, వాటికి ఈ ట్రే అవసరమే రాదు. అమెరికా తరహా మూసిన గోడల తొట్టి ఉన్న వాహనాలు మాత్రం ఇక్కడా తయారవుతున్నాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారం నుంచి 2016 మొదలుకొని వస్తున్న డి-మాక్స్ వి-క్రాస్ అటువంటిదే. దాని తొట్టి పొడవు సుమారు ఒకటిన్నర మీటరు.

చేయి చాచి బరువెత్తడం ఎందుకు చెడ్డదో లెక్క కట్టిన సూత్రం ఒకటి ఉంది. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన బరువెత్తే సమీకరణం ప్రకారం, అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నప్పుడు చేతులతో ఎత్తదగిన బరువుకు పరిమితి 23 కిలోలు. బరువు మడమల మధ్య బిందువు నుంచి 25 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే ఈ అంకె చెల్లుతుంది. దూరం 50 సెంటీమీటర్లయితే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. 63 సెంటీమీటర్లు దాటితే ఆ సూత్రం ఎత్తడానికి అనుమతే ఇవ్వదు. పికప్ వెనుక తలుపును వాల్చినప్పుడు ఆ తలుపే మనిషిని తొట్టి అంచుకు అర మీటరుకు పైగా దూరంలో నిలబెడుతుంది కనుక, తొట్టి లోపలి వస్తువు సంగతి చెప్పనక్కరలేదు. ట్రే వస్తువును మనిషి నడుము దగ్గరికి తెస్తుంది. దాని విలువంతా ఈ ఒక్క పనిలోనే ఉంది.

ఆ పని చేయించేది బేరింగు. రెండు ఉపరితలాలు ఒకదానిపై ఒకటి రాసుకుంటూ జరగడాన్ని జారుడు ఘర్షణ అని, మధ్యలో గుండ్రని వస్తువు తిరుగుతూ ఉంటే కలిగే నిరోధాన్ని దొర్లుడు ఘర్షణ అని అంటారు. మొదటిదానికంటే రెండవది ఎన్నో రెట్లు తక్కువన్న సంగతి ప్రాచీనులకూ తెలుసు. ఇటలీలోని నెమీ సరస్సులో రోమన్ చక్రవర్తి కాలిగులా కాలపు ఓడలు మునిగి ఉండగా, 1928 తరువాత నీటిని తోడి వాటిని వెలికితీసినప్పుడు, కంచు గోళాల మీద తిరిగే వేదిక భాగాలు వాటిలో దొరికాయి. 1794లో వేల్స్ దేశంలోని కార్మార్తెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ అనే ఇనుప కర్మాగార యజమాని బండి ఇరుసులో గోళీలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. అయినా ఇంకో శతాబ్దం దాకా ఆ ఆలోచన పెద్దగా పనికి రాకపోవడానికి కారణం గోళీలే. ఒకే బేరింగులోని గోళీల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా బరువంతా పెద్ద గోళీ మీదే పడి అది పగిలిపోతుంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణంలో ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కు గోళీలను ఒకే కొలతకు సానపట్టే యంత్రాన్ని తయారు చేసిన తరువాతే బేరింగు పరిశ్రమ నిలబడింది. 1907లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక బట్టల మిల్లు ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్, బంకమట్టి నేల కుంగి యంత్రాల ఇరుసులు వంకరపోతూ ఉంటే బేరింగులు తరచు పాడవడం చూసి, ఇరుసు కాస్త వాలినా తనంతట తాను సర్దుకునే బేరింగును రూపొందించి ఎస్‌కెఎఫ్ అనే బేరింగుల సంస్థకు పునాది వేశాడు. వాహనపు తొట్టి కూడా గతుకుల మీద మెలిపడే వస్తువే కాబట్టి, పట్టాలు మెలిపడినప్పుడు ట్రే బిగుసుకుపోకుండా పట్టాకూ బేరింగుకూ మధ్య కొంత సందు వదలక తప్పదు. ఆ సందు మరీ ఎక్కువైతే ప్రయాణమంతా గలగలమంటుంది.

ఈ బేరింగుల లాభాన్ని అంకెల్లో చూడవచ్చు. తొట్టి నేల మీద 300 కిలోల చెక్కపెట్టెను ఈడ్చాలంటే, ఘర్షణ గుణకం, అంటే బరువులో ఎంత వంతు బలంతో లాగితే వస్తువు కదులుతుందో చెప్పే అంకె, 0.4 అనుకుంటే 120 కిలోల బలం కావాలి. సీలు వేసిన బేరింగుల మీద ఆ గుణకం 0.01 అనుకున్నా 3 కిలోల బలం చాలు. ఒంటిచేత్తో లాగవచ్చు.

అసలు చిక్కు ట్రే బయటికి వచ్చిన తరువాత మొదలవుతుంది. ఒక కొస మాత్రమే ఆధారం మీద ఉండి రెండవ కొస గాలిలో వేలాడే దూలాన్ని ఇంజనీర్లు కాంటిలీవర్ అంటారు. బాల్కనీ అందుకు ఉదాహరణ. లాగిన ట్రే కూడా కాంటిలీవరే. 2 మీటర్ల పొడవున్న ట్రే మీద 300 కిలోలు సమానంగా పరిచి ఉన్నాయనుకుంటే, దాని గరిమనాభి సరిగ్గా మధ్యలో ఉంటుంది. ట్రేను సగం దాకా లాగినప్పుడు ఆ బిందువు తొట్టి అంచు మీదికి వచ్చి, బరువంతా అంచు దగ్గరి బేరింగుల మీద నిలుస్తుంది, లోపలి కొస ఇటూ అటూ కాకుండా ఉంటుంది. అంతకంటే బయటికి లాగితే లోపలి కొస పైకి లేవాలని చూస్తుంది. దాన్ని పట్టా పై అంచు కిందికి అదిమి ఉంచాలి. ఆ అదుపు బలం ట్రే 60 శాతం బయటికి వచ్చినప్పుడు 75 కిలోలు, 75 శాతం వద్ద 300 కిలోలు, 80 శాతం వద్ద 450 కిలోలు, 90 శాతం వద్ద 1200 కిలోలు. చివరి పది శాతం కోసం చెల్లించవలసిన మూల్యం ఇంత ఉన్నందువల్లే మామూలు ట్రేలను 70, 75 శాతం దగ్గర ఆపేస్తారు. 75 శాతం వద్ద కూడా అంచు బేరింగులు మోసేది సరకు బరువునూ ఈ అదుపు బలాన్నీ కలిపి 600 కిలోలు. అంటే బేరింగులన్నిటి మీదా పడే మొత్తం ఒత్తిడి సరకు బరువుకు మూడింతలవుతుంది. సులువుగా బయటికి వచ్చిన ట్రే లోపలికి తోసేటప్పుడు మొదట కాస్త మొరాయించడానికి కారణం ఇదే.

సరకు సమానంగా లేకపోతే లెక్క ఇంకా మారుతుంది. అదే 300 కిలోల యంత్రాన్ని ట్రే వెనుక కొసకు 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టి 75 శాతం లాగితే, లోపలి కొస మీద అదుపు బలం 750 కిలోలకు చేరుతుంది. తయారీదారులు ప్రకటించే 1000 పౌండ్లు, 1500 పౌండ్లు వంటి సామర్థ్యాలు (సుమారు 450, 680 కిలోలు) సమానంగా పరిచిన బరువుకు మాత్రమే వర్తిస్తాయన్న షరతు చిన్న అక్షరాలలో ఉన్నా, కొనేవారు మొదట చదవవలసింది దానినే. పూర్తిగా, అంటే నూరు శాతం బయటికి వచ్చే ట్రేలలో కింది చట్రానికీ పై బల్లకూ మధ్య మూడవ పట్టా ఒకటి ఉంటుంది. వడ్రంగులు వంటింటి సొరుగులకు బిగించే టెలిస్కోపిక్ చానెల్‌లో ఉన్న ఏర్పాటే ఇది. మధ్య పట్టా కొంత లోపల ఉండి కొంత బయటికి వస్తుంది, బల్ల దానిని ఆనుకుని మిగతా దూరం వస్తుంది. ఇందువల్ల అన్ని స్థితుల్లోనూ పట్టాలు ఒకదానిలో ఒకటి తగినంత దూరం పెనవేసుకుని ఉంటాయి గాని, ఎత్తు పెరుగుతుంది, ఇనుము పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది.

ఘర్షణ తీసేసిన వస్తువు తనంతట తాను ఆగదు. పదింట ఒక వంతు వాలు ఉన్న రోడ్డు మీద 300 కిలోల ట్రేను కిందికి లాగే బలం దాదాపు 30 కిలోలు. వాహనం గట్టిగా బ్రేకు వేసి గురుత్వ త్వరణంలో 0.8 వంతు చొప్పున వేగం తగ్గించుకుంటే, జడత్వంవల్ల ట్రే 240 కిలోల బలంతో ముందుకు దూకుతుంది. ఢీకొన్నప్పుడు అది గురుత్వ త్వరణానికి 20 రెట్లకు చేరితే ఆ బలం 6 టన్నులు. అందుకే తాళపు పిన్ను మందం, అది దూరే రంధ్రం చుట్టూ ఉన్న ఇనుము మందం, బల్ల నునుపుకంటే ఎక్కువ పరీక్షించదగినవి. అమెరికా వైమానిక దళం 1960ల నుంచి వాడుతున్న 463ఎల్ సరకు పద్ధతిలో విమానపు నేల మీద రోలర్లు, వాటి మీద 108 అంగుళాల పొడవు, 88 అంగుళాల వెడల్పు గల పళ్ళేలు ఉండగా, ఆ పళ్ళేలను పక్కనుంచి పట్టి ఉంచే తాళాలు కూడా రోలర్లతో పాటు విడదీయరాని భాగం. పికప్ ట్రేలో తాళం కనీసం మూడు, నాలుగు స్థానాలలో పడాలి. పూర్తిగా లోపల, పూర్తిగా బయట అనే రెండే స్థానాలున్నది వాలు నేల మీద చేతులకు ప్రమాదం.

బిగింపు విషయంలో నియమం ఒక్కటే. బోల్టు తొట్టి రేకును మాత్రమే పట్టుకుంటే ఆ రేకు చిరుగుతుంది కాబట్టి, రేకు కింద ఉండే అడ్డ దూలాలను పట్టుకోవాలి. రంధ్రం వేసేముందు అడుగున ఇంధన ట్యాంకు, తీగలు, బ్రేకు గొట్టాలు ఎక్కడున్నాయో చూడకుండా డ్రిల్లు పెట్టకూడదు. 2005 నుంచి టొయోటా టకోమాలో ఉన్నటువంటి మిశ్రమ పదార్థపు తొట్టి అయితే బోల్టు కింద వెడల్పాటి లోహపు పలక వేయాలి. 2015 నుంచి ఫోర్డ్ ఎఫ్-150లో ఉన్నటువంటి అల్యూమినియం తొట్టి అయితే, ఉక్కు చట్రం దానిని నేరుగా తాకిన చోట తడి చేరినప్పుడు రెండు లోహాల మధ్య చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి అల్యూమినియం తినివేయబడుతుంది కనుక, మధ్యలో రబ్బరో ప్లాస్టిక్కో పరచాలి. బల్ల విషయానికి వస్తే, నీటికి చెడని ప్లైవుడ్ చవక, చప్పుడు తక్కువ, కొత్తది వేసుకోవడం తేలిక. అల్యూమినియం తేలిక, ఖరీదు. ఉక్కు గట్టిదే గాని దాని బరువు వాహనం మోయవలసిన బరువే.

ఈ చివరి మాటను చాలామంది మరచిపోతారు. వాహనం 700 కిలోలు మోయగలదని డ్రైవర్ తలుపు చట్రం మీది చీటీ చెబుతుంటే, అందులో ఇద్దరు మనుషులకు 150, ట్రేకు 90 పోగా సరకుకు మిగిలేది 460 కిలోలే. వారానికి రెండుసార్లు చెత్తో, ఇసుకో పోసుకునేవారికి ట్రే అడ్డంకి, ఎందుకంటే అది తొట్టి లోతులో నాలుగైదు అంగుళాలు తినేసి, సందుల్లోకి ఇసుకను ఆహ్వానించి బేరింగులను చంపుకుంటుంది. రోజూ పనిముట్లు తీసి పెట్టే విద్యుత్, నీటిగొట్టాల పనివారికి, మూత వేసిన తొట్టి ఉన్నవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది. ఐదున్నర అడుగుల తొట్టిలో 250 కిలోల పనిముట్లు మోసేవారు 75 శాతం బయటికి వచ్చే, 450 కిలోల సామర్థ్యం గల ట్రేను అడ్డ దూలాలకు బిగించుకుని, బరువైన వస్తువులను డ్రైవర్ గది వైపు సర్దుకుంటే సరిపోతుంది. అటువంటి వాహనానికి 900 కిలోల ట్రే కొనడం డబ్బు దండగ.