వార్తల్లో పదం: ఇండిపెండెంట్ సినిమా

తక్కువ బడ్జెట్‌లో తీసిందల్లా ఇండిపెండెంట్ సినిమా అయిపోదు. అసలు తేడా ఖర్చులో లేదు, తుది మాట ఎవరిదన్న దాంట్లో ఉంది. కలకత్తా స్టూడియో పద్ధతినీ, ఇండిపెండెంట్ పద్ధతినీ రెండింటినీ చూసింది. తొలినాళ్ల తెలుగు టాకీలు 'సావిత్రి' (1933), 'లవకుశ' (1934) అక్కడి ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ నిర్మించినవే, దర్శకుడు సి.పుల్లయ్య. స్టూడియో పద్ధతిలో పెట్టుబడి, ఫ్లోరు, జీతాలు కంపెనీవి కాబట్టి పగ్గాలూ దానివే. 1955 నాటి 'పథేర్ పాంచాలీ' దారి వేరు. సత్యజిత్ రాయ్ బీమా పాలసీపై అప్పు తెచ్చి, భార్య నగలు తాకట్టు పెట్టి, అంతకుముందు సినిమా కెమెరా నడపని సుబ్రత మిత్రాకు ఛాయాగ్రహణం అప్పగించి, బొరాల్ గ్రామంలో తీశారు. డబ్బు అయిపోతే షూటింగ్ ఆగేది.

చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సొమ్ముతోనే పూర్తయింది కదా, స్వతంత్రం ఎలా అవుతుందని అడగొచ్చు. సొమ్ము తీసుకున్న మాట నిజమే. కానీ ముగింపు మార్చమంటే రాయ్ ఒప్పుకోలేదు. అలాగే 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'ను సురేశ్ ప్రొడక్షన్స్ విడుదల చేసినా, అది ఆ సంస్థ బయట తయారైన సినిమాయే. కాబట్టి పోస్టరు మీద పేరు కాదు, కథ మార్చే హక్కు ఎవరిదో చూడాలి.