పాలిచ్చే తల్లి ప్రయాణంలో వాంతి మాత్ర వేసుకోవచ్చా?

పుట్టింట కాన్పు చేసుకుని, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తగారింటికి వెళ్ళడం మన ప్రాంతంలో మామూలే. బస్సు పడని తల్లికి ఆ ప్రయాణమంటేనే భయం. మాత్ర వేసుకుంటే పాలు చెడిపోతాయని కొందరు కోదాడ నుంచి సూర్యాపేట దాకా వాంతులతోనే వెళ్తారు. మరికొందరు మాత్ర వేసుకుని, ఆ రోజంతా బిడ్డకు సీసా పాలు పడతారు. ఈ రెండు కష్టాలూ అవసరం లేదు.

వాంతి ఎందుకు వస్తుంది?

లోపలి చెవిలో కదలికను గుర్తించే భాగం ఉంది. బస్సు మలుపు తిరగగానే అది మెదడుకు చెబుతుంది. కళ్ళు మాత్రం ఒడిలోని బిడ్డనే చూస్తూ కదలిక లేదంటాయి. ఈ రెండూ కలవకపోవడం వల్లే కడుపులో తిప్పుతుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులోనైనా, సాగర్ లాంచీలోనైనా జరిగేది ఇదే.

మాత్ర సంగతి

ప్రయాణపు మాత్రల్లో సాధారణంగా ప్రోమెథజైన్ (అవోమిన్), డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్ వంటి మందులు ఉంటాయి. ఇవి కొద్దిగా పాలలోకి వెళ్ళవచ్చు. అయినా ఎప్పుడో ఒక ప్రయాణానికి ఒక మాత్ర వేసుకుంటే, నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకు సాధారణంగా హాని కలగదు. పాలు పిండి పారబోయనక్కర లేదు. తల్లికి వాంతి అయినా పాలు చెడవు. శుభ్రంగా లేని సీసా వల్ల వచ్చే విరేచనాలే బిడ్డకు ఎక్కువ ప్రమాదం.

ఈ మాత్రలు రోజూ వాడితే మాత్రం బిడ్డకు మత్తు రావచ్చు, తల్లికి పాలు తగ్గవచ్చు. కాన్పయిన తొలి వారాల్లో మరింత జాగ్రత్త అవసరం. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, నెల లోపు వయసున్నా, ఊపిరి ఇబ్బంది ఉన్నా, తల్లి ఫిట్స్ మందులో నిద్రమాత్రలో వాడుతున్నా, ముందుగా డాక్టరును అడగాలి.

మరువకూడనివి

1. బయలుదేరే ముందు బిడ్డకు కడుపునిండా పాలిచ్చి, తర్వాత మాత్ర వేసుకోండి. ప్రయాణానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే పనిచేస్తుంది.

2. మాత్రతో తల్లికి నిద్ర ముంచుకొస్తుంది. బస్సులో బిడ్డను మరొకరు ఎత్తుకోవాలి. ఆ రాత్రి బిడ్డను మీ పక్కలో కాకుండా, దగ్గరలోనే వేరుగా పడుకోబెట్టండి.

3. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రోమెథజైన్ ముక్క కూడా ఇవ్వకూడదు. ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

4. జలుబు మందును దీనితో కలిపి వాడవద్దు. మత్తు రెట్టింపవుతుంది.

5. బిడ్డ పాలకు లేవకపోయినా, వడలిపోయినట్లున్నా, ఊపిరి నెమ్మదించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ముందు వైపు సీటు, కిటికీ గాలి, దూరంగా రోడ్డు మీద చూపు, తేలికైన తిండి: చాలామందికి వీటితోనే సరిపోతుంది. అప్పటికీ ఆగకపోతే మాత్ర వేసుకోండి. పాలు మాత్రం మాన్పించకండి.