రాజ్యసభలో ఈ రోజు పని ఏది? జాబితా రాసేదెవరు?
(నెల్లూరు తీరం నుంచి ఒక పరిశీలన)

రాజ్యసభను పెద్దల సభ అంటారు. పెద్దలంటే ఎవరని బళ్ళో ఏ అయ్యవారూ చెప్పలేదు, మనమూ అడగలేదు. సభ్యులు 250 మందికి మించరాదు, పదవీకాలం ఆరేళ్ళు, రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగిపోతారు అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. అంతటితో రాజ్యసభ పాఠం అయిపోయింది. కానీ ఆ సభ పొద్దున పదకొండింటికి కూర్చున్నాక ఏ పని ముందు జరగాలి, ఏది తర్వాత జరగాలి, ఏది అసలు జరక్కుండా పోవాలి అన్నది ఎవరు తేలుస్తారు? ఈ వ్యాసంలో మేము చర్చించదలచుకున్నది ఇదొక్కటే.

రొయ్యల గుంటల పక్కన బతికే మాలపల్లెకీ మాదిగపల్లెకీ, యానాదుల కాలనీకీ ఢిల్లీలో తయారయ్యే ఆ జాబితాతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. 1997లో ఆ జాబితాలో చేరిన ఒక అంశం నెల్లూరు తీరం భూమినీ నీళ్ళనీ నేరుగా తాకింది.

రిజర్వేషన్ లేని సభ

ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. రాజ్యాంగం 330వ అధికరణం లోక్‌సభలో, 332వ అధికరణం శాసనసభల్లో దళితులకు, ఆదివాసులకు సీట్లు కేటాయించింది. రాజ్యసభకు అలాంటి అధికరణం లేదు. 245 సీట్లలో 233 మందిని ఎమ్మెల్యేలు (కేంద్రపాలిత ప్రాంతాల విషయంలో వేరే ఏర్పాటు ఉంది) ఎన్నుకుంటారు, 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌కు ఉన్నవి 11. వాటిలో ఒక్క సీటైనా దళితుడికి ఇచ్చి తీరాలన్న నియమం లేదు. పార్టీ పెద్ద దయ తలిస్తే ఇస్తాడు, లేకుంటే లేదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1952లో లోక్‌సభ ఎన్నికల్లో ఓడిపోయాక ఈ సభకే వచ్చారు. 1956లో కన్నుమూసేదాకా సభ్యుడిగానే ఉన్నారు. 1953 సెప్టెంబరులో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద ఆయన మాట్లాడింది ఇక్కడే. నెల్లూరు జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్రలో కలిసింది ఆ బిల్లుతోనే.

నెల్లూరు తీరానికీ ఈ సభకీ సంబంధం పాతదే. విడవలూరు ప్రాంతంలోని అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1952 నుంచి 1955 దాకా రాజ్యసభలో కమ్యూనిస్టుల నాయకుడు. పేరు చివర కులం తోకను తీసేసి, సొంతూళ్ళో దళిత కూలీలను కూడగట్టిన మనిషి. చవటపాళెంలో పుట్టిన ముప్పవరపు వెంకయ్యనాయుడు 2017 నుంచి 2022 దాకా ఉపరాష్ట్రపతి హోదాలో ఈ సభకే ఛైర్మన్. ఒకరు ప్రతిపక్ష బెంచీలో, ఇంకొకరు ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరూ భూమి ఉన్న కులాల నుంచి వెళ్ళినవాళ్ళే. వాళ్ళ వ్యక్తిగత గుణగణాల గురించి కాదు మేము చెప్పేది, దారి ఎవరికి తెరిచి ఉందన్న దాని గురించి.

రోజు ఎలా గడుస్తుంది

సభ జరిగే ప్రతి రోజుకీ ఒక కార్యక్రమాల జాబితా అచ్చవుతుంది. జాబితాలో లేని పని ఛైర్మన్ అనుమతి లేకుండా జరగదు. పదకొండింటికి మంత్రులు కాగితాలు సభ ముందు పెడతారు. ఆ తర్వాత జీరో అవర్. సభ్యుడు ముందే నోటీసిచ్చి, ఛైర్మన్ ఒప్పుకుంటే, మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. స్పెషల్ మెన్షన్ ఉంది, దానికి 250 మాటల పరిమితి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ప్రశ్నోత్తరాలు (2014 దాకా ఇవి పదకొండింటికే మొదలయ్యేవి). మంత్రి నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు రోజుకి 15, రాతలో జవాబిచ్చేవి 160. భోజనం తర్వాత ప్రభుత్వ బిల్లులు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు మాత్రం మంత్రులు కాని సభ్యుల బిల్లులకు, తీర్మానాలకు వదులుతారు.

ఇందులో ఎవరి చెయ్యి ఎక్కడుందో చూద్దాం. ఏ బిల్లు ఏ రోజు రావాలో చెప్పేది ప్రభుత్వం. ఆ పని పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి చూస్తాడు. దానికి ఎన్ని గంటలివ్వాలో చెప్పేది ఛైర్మన్ ఆధ్వర్యంలోని సభా వ్యవహారాల సలహా సంఘం, అంటే బీఏసీ. మిగతా నోటీసుల్లో ఏది లోపలికి రావాలి, ఏది చెత్తబుట్టకి పోవాలి అన్నది ఛైర్మన్ నిర్ణయం. ఓటింగు ఎలా జరగాలన్న దాంట్లోనూ కుర్చీ మాట బరువైనది. 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లులను డిప్యూటీ ఛైర్మన్ మూజువాణి ఓటుతో నెగ్గించారు. ప్రతిపక్షం తలలు లెక్కపెట్టమని అడిగింది, లెక్కపెట్టలేదు. మర్నాడు ఎనిమిది మంది సభ్యులు సస్పెండయ్యారు. ఆ సమావేశాల్లో కరోనా పేరుతో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. జాబితాలోంచి ఒక గంట తీసేస్తే ఎంత నోరు నొక్కెయ్యొచ్చో అప్పుడు తెలిసింది.

రొయ్య కోసం వచ్చిన బిల్లు

1990ల మొదట్లో నెల్లూరు తీరం పొడవునా వరి మళ్ళు, ఉప్పు కొఠార్లు, పోరంబోకు భూములు రొయ్యల గుంటలైపోయాయి. పెట్టుబడి, కరెంటు మోటారు, ఎగుమతి లైసెన్సు ఉన్నవాడికి డాలర్లు వచ్చాయి. గుంటల పక్కన పాలేలకి బావినీళ్ళు ఉప్పగా మారాయి. నాట్లూ కోతలూ చేసుకుని బతికే ఆడకూలీలకి పని పోయింది. సముద్రానికి పోయే దారికి గుంటల కట్టలు అడ్డమొచ్చాయి.

తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పిచ్చింది. తీర నియంత్రణ మండలంలో, అంటే పోటు గీత నుంచి 500 మీటర్ల లోపల, సంప్రదాయ పద్ధతులవి తప్ప మిగతా రొయ్యల గుంటలన్నీ 1997 మార్చి 31 లోగా తొలగించాలంది. పులికాట్, చిలికా సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు కూడా కూడదంది. పని పోయే కూలీలకు అదనంగా ఆరేళ్ళ జీతం పరిహారంగా ఇమ్మంది. ఈ చివరి మాట మన దగ్గర ఎంతమంది కూలోళ్ళ చెవిన పడింది?

గడువు ముంచుకొస్తుండగా 1997 మార్చిలో ఆక్వాకల్చర్ అథారిటీ బిల్లు రాజ్యసభ జాబితాలోకొచ్చింది. ఆ నెలలోనే సభ దాన్ని ఆమోదించింది. నెలల తరబడి మూలనపడే బిల్లులు ఎన్ని లేవు? దీనికి మాత్రం చోటు దొరికింది. ఎందుకంటే ఎగుమతిదారులకు జాబితా రాసేవాళ్ళ గది ఎక్కడుందో తెలుసు.

ఇక్కడొక మెలిక ఉంది, విద్యార్థులు తెలుసుకోవాలి. 107వ అధికరణం ప్రకారం రాజ్యసభలోనే పుట్టి అక్కడే ఉన్న బిల్లు లోక్‌సభ రద్దయినా చావదు. రాజ్యసభ దాటి లోక్‌సభకి చేరిన బిల్లు మాత్రం లోక్‌సభతో పాటే చస్తుంది. 1997 డిసెంబరులో లోక్‌సభ రద్దయింది, రొయ్యల బిల్లు చచ్చింది. కానీ దాని వెనకున్నవాళ్ళు చావలేదు. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. తీర నియంత్రణ నిబంధనలు రొయ్యల సాగుకి వర్తించవని అందులో రాసుకున్నారు, అదీ 1991 నుంచే వర్తించనట్టుగా. 2023 ఆగస్టులో ఆ చట్టాన్ని సవరించి ఇంకా సడలించారు.

తిరిగిరాని బిల్లు

ఇదే దారిలో పోయిన ఇంకో బిల్లుని దీని పక్కన పెట్టి చూడండి. 2006లో నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు దళిత, ఆదివాసీ ఉద్యోగుల ప్రమోషన్లలో రిజర్వేషన్లకు షరతులు పెట్టింది. 2012 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ ప్రమోషన్ల రిజర్వేషన్లను కొట్టేసింది. దాన్ని సరిచెయ్యడానికి 117వ రాజ్యాంగ సవరణ బిల్లు 2012 సెప్టెంబరులో రాజ్యసభకొచ్చింది. ప్రవేశపెట్టిన రోజే సభలో సభ్యులు కలబడ్డారు. చివరికి డిసెంబరు 17న 206 ఓట్లతో నెగ్గింది, వ్యతిరేకం 10. లోక్‌సభకి పోయింది. అక్కడ గట్టెక్కలేదు. 2014లో లోక్‌సభ రద్దుతో చచ్చిపోయింది.

రొయ్యల బిల్లూ కోర్టు తీర్పుని దాటడానికి వచ్చిందే, ప్రమోషన్ల బిల్లూ అందుకే వచ్చింది. రెండూ రాజ్యసభ దాటాయి, రెండూ లోక్‌సభతో పాటు పోయాయి. ఒకటి ఎనిమిదేళ్ళలో చట్టమై తిరిగొచ్చింది. రెండోది తిరిగి రాలేదు. 2018లో సుప్రీంకోర్టే నాగరాజ్ షరతుల్లో ఒకదాన్ని తీసేసింది గానీ పార్లమెంటు మాత్రం ఆ పని చెయ్యలేదు. రెండోదానికి ఓట్లు తక్కువై కాదు, 206 మంది ఓటేశారు. ఓటు ఒక రోజు పని. జాబితాలో చోటు కోసం రోజూ వెంటపడేవాళ్ళు ఉండాలి. రొయ్యకి ఉన్నారు, మనకి లేరు.

మన చేతిలో ఉన్నవి

రాజ్యసభలో రిజర్వేషన్ కోసం పోరాటం జరగాల్సిందే. అప్పటిదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. తెరిచి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి.

మొదటిది ప్రశ్న. ఏ సభ్యుడి చేతనైనా పదిహేను రోజుల ముందు నోటీసు ఇప్పించొచ్చు. తీర మండలాల్లో ఎన్ని ఎకరాల అసైన్డ్ భూమి గుంటల కింద ఉంది అని అడిగితే మంత్రి రాతలో జవాబివ్వాలి. ఆ జవాబు కలెక్టరాఫీసులోనూ కోర్టులోనూ పనికొచ్చే కాగితం.

రెండోది అర్జీ. రాజ్యసభకు అర్జీల కమిటీ ఉంది. ఒక సభ్యుడు సంతకం కలిపితే మామూలు పౌరుల అర్జీ సభకి చేరుతుంది. తెలుగులో రాసుకోవచ్చు, ఇంగ్లీషు గాని హిందీ గాని అనువాదం జతచెయ్యాలి.

మూడోది శుక్రవారం మధ్యాహ్నం. అది ఉత్త కాలక్షేపమని కొందరంటారు. 2015 ఏప్రిల్ 24న తిరుచ్చి శివ పెట్టిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లుని రాజ్యసభ ఆమోదించింది. నలభై అయిదేళ్ళలో రాజ్యసభ దాటిన మొదటి ప్రైవేటు బిల్లు అది. అదే చట్టం కాలేదు గానీ ప్రభుత్వం తన బిల్లు తాను తేకుండా ఉండలేకపోయింది.

వీటికి డబ్బు అక్కర్లేదు. జాబితా చదవడం, గడువు గుర్తుపెట్టుకోవడం, విసుగు లేకుండా రాయడం కావాలి. మన ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన తరం మనది. ఈ గుమాస్తా పని మనకి చేతకానిదేం కాదు. ప్రతి కాలేజీలో నలుగురు విద్యార్థులు, ఒక టీచరు కలిసి సమావేశాలు జరిగే రోజుల్లో జాబితా చదవడం మొదలుపెట్టాలి. తమ మండలానికి సంబంధించిన అంశం ఏ రోజు వస్తుందో పల్లెలకి ముందుగా చెప్పాలి. 1997 మార్చిలో రొయ్యల బిల్లు జాబితాలో ఉందని నెల్లూరు తీరంలో ఒక్క మాలపల్లెకైనా ఎవరు చెప్పారు?