పాత డీజిల్ ఇంజన్ పంపుకు గ్లాండ్ ప్యాకింగ్ మార్చడం

3.1 పరిచయం

నల్లమల కొండల పాదాన ఉన్న మహానందిలో ఆలయ కోనేళ్ల ఊటనీరు కాలువల ద్వారా చుట్టుపక్కల తోటలకు పారుతుంది. ఈ ప్రాంతం అరటికి పేరుపొందింది. నీరు తనంతట తాను ఎక్కలేని మెరక పొలానికి మాత్రం పంపు కావాలి. కరెంటు లేని వేళలకు పాత డీజిల్ ఇంజన్‌ను ఉంచుకునే రైతులు రాయలసీమలో ఉన్నారు.

నీటితో చల్లబడే ఇటువంటి ఇంజన్లలో ఒక ఏర్పాటు తరచు కనిపిస్తుంది. పంపు డెలివరీ గొట్టం నుంచి ఒక సన్నని పైపు ఇంజన్‌కు వెళుతుంది. ఆ నీరు సిలిండర్ చుట్టూ తిరిగి, వేడిని తీసుకొని బయట పడుతుంది. కాబట్టి పంపు నీరు వదిలేస్తే తోటకు తడి ఆగడమే కాదు, ఇంజన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ కాలవచ్చు, పిస్టన్ పట్టేయవచ్చు. చేపల పడవలకు బిగించే ఔట్‌బోర్డ్ మోటారు కూడా ఇలాగే పంపు మీద ఆధారపడుతుంది. దాని అడుగు భాగంలోని రబ్బరు ఇంపెల్లర్ నీటిని పైకి తోస్తేనే ఇంజన్ చల్లబడుతుంది.

3.2 గ్లాండ్ చేసే పని

ఇంపెల్లర్‌ను తిప్పే షాఫ్ట్ పంపులోకి ప్రవేశించే చోట సందు ఉంటుంది. అందులో గ్రాఫైట్ పట్టించిన తాడును చుట్లుగా పెట్టి గ్లాండ్‌తో నొక్కుతారు. ఈ తాడే ప్యాకింగ్. ఇది అరిగితే నీరు ధారగా కారుతుంది. గాలి లోపలికి చొరబడే వీలు కూడా ఉంది. పంపు నీటిని లాగుతుందని మనం అంటాం గాని, నిజానికి బయటి వాయుపీడనమే నీటిని పంపులోకి నెడుతుంది. లోపల గాలి చేరితే ఆ పీడన భేదం తగ్గి నీరు ఎక్కదు.

3.3 మార్చే విధానం

1. ఇంజన్ ఆపి చల్లారనివ్వండి. బెల్టు తీసివేయండి.
2. గ్లాండ్ నట్లు విప్పి, పాత చుట్లన్నీ కొక్కెంతో బయటికి తీయండి. పాతవాటిపై ఒక కొత్త చుట్టు వేసి సరిపెట్టకూడదు.
3. షాఫ్ట్ తొడుగును గోటితో తడిమి చూడండి. గాడి తగిలితే తొడుగు కూడా మార్చాలి. లేకుంటే కొత్త తాడు త్వరగా తెగిపోతుంది.
4. షాఫ్ట్ అంత లావున్న కడ్డీకి తాడు చుట్టి, కొనలు సరిగ్గా కలిసేలా చుట్లు కోయండి.
5. ఒక్కొక్క చుట్టునే లోపలికి నొక్కండి. అతుకులు ఒకే వరుసలోకి రాకుండా చూడండి.
6. రెండు నట్లనూ సమంగా, చేతితోనే బిగించండి. షాఫ్ట్ చేతితో తిరగాలి.
7. బెల్టు వేసి, గాలి పోయేదాకా పంపును నీటితో నింపండి. పోసిన నీరు నిలవకపోతే ఫుట్‌వాల్వ్‌ను పరీక్షించండి.

3.4 చుక్క ఎందుకు కారాలి?

ఇంజన్ నడిచేటప్పుడు మొదట నీరు ఎక్కువగా కారుతుంది. నట్లను కొద్దికొద్దిగా, సమంగా బిగిస్తూ, ప్రతిసారీ కొన్ని నిమిషాలు ఆగి చూడండి. చుక్కలు విడివిడిగా పడే దశలో ఆపండి. ఆ నీరే తాడుకూ షాఫ్ట్‌కూ మధ్య రాపిడిని తగ్గించి చల్లబరుస్తుంది. చుక్క కూడా పడకుండా బిగిస్తే తాడు మాడుతుంది, తొడుగుకు గాడి పడుతుంది. చివరగా, ఇంజన్ నుంచి చల్లదనపు నీరు ఆగకుండా బయటికి వస్తున్నదో లేదో చూడండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. పంపు నీరు వదిలేస్తే ఇంజన్‌కు కలిగే నష్టమేమిటి?
2. గ్లాండ్ నుంచి చుక్కలు పడటాన్ని పూర్తిగా ఆపకూడదు. ఎందుకు?