మీకు తెలుసా? మీ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆన్ చేస్తే ఎన్ని వింతలో!

ల్యాప్‌టాప్ తెరిచారా? విండోస్ గుర్తున్న మీటనూ, ‘ఎ’ మీటనూ కలిపి నొక్కండి. కుడివైపు ఓ చిన్న పలక తెరుచుకుంటుంది. అందులో బ్లూటూత్ గుర్తు మీద ఒక్క నొక్కు. ఆన్ అయిపోయింది! విండోస్ 10లోనైనా, 11లోనైనా ఇదే దారి. వెలగలేదా? ఎయిర్‌ప్లేన్ మోడ్ పడిందేమో చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు!

ఆ నొక్కు పడగానే లోపలి యాంటెన్నా పని మొదలుపెడుతుంది. సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు ఊగే తరంగాలు వదులుతుంది! అవి మీ చెవి పక్క నుంచే పోతుంటాయి. మీకు చిన్న చప్పుడైనా వినపడదు!

ఇంతకన్నా పెద్ద వింత ఉంది. దగ్గరికి రండి, చెబుతా. మీ హెడ్‌సెట్‌లో పాట ఒకే దారిలో రాదు. ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ రెండూ కూడబలుక్కుని ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకో దానికి దూకుతుంటాయి. సెకనుకు 1,600 దూకుళ్లు! ఒక దారిలో గోల ఉంటే మరో దారి. పక్క సీటాయన హెడ్‌సెట్ పాట మీ చెవిలో పడకపోవడానికి ఈ దూకుడూ ఒక కారణమే!

ఇలా దూకే ఎత్తుగడకు బ్లూటూత్ కన్నా చాలా ముందే పేటెంట్ తీసుకున్నవారిలో ఒకరెవరో ఊహించండి. సినిమా తార! హాలీవుడ్ నటి హెడీ లామార్! సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌తో కలిసి 1942లో పేటెంట్ పొందింది. శత్రువు సిగ్నల్‌ను చెడగొట్టకుండా టార్పెడోను నడిపించడం ఆమె ఆలోచన. వాళ్లు చెప్పిన ఫ్రీక్వెన్సీలు 88. పియానో మెట్లూ సరిగ్గా అన్నే! నాకైతే ఈ ఒక్క సంగతి చాలు, రోజంతా ఆశ్చర్యపోవడానికి.

ఆళ్లగడ్డ శిల్పులకు ఇది ప్రత్యేకం! ల్యాప్‌టాప్‌లోని ఆ బ్లూటూత్ గుర్తు రాతి మీద చెక్కే లిపి నుంచి వచ్చింది! డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరులోని రెండు మాటల తొలి అక్షరాలను కలిపితే వచ్చిన రూపం అది. ఆ లిపిలోనే ఆ రాజు యెల్లింగ్ అనే ఊళ్లో రాయి చెక్కించాడు. సుమారు 965 నాటి మాట. రాయి ఇప్పటికీ నిలబడే ఉంది! ఉలి పట్టే చేతులకు ఆ గుర్తు బంధువే కదా!

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రోడ్డు మీద దాదాపు 40 కిలోమీటర్లు. రేడియో తరంగం అంత దూరాన్ని ఒక్క సెకనులో సుమారు 7,500 సార్లు చుట్టేయగలదు! వేగం అంతుంది. బలం మాత్రం బహు తక్కువ. మామూలు బ్లూటూత్ 10 మీటర్లు దాటితే చాలు, డీలా పడుతుంది!

బలం ఎంత తక్కువంటారా? ఆ 10 మీటర్ల తరగతి బ్లూటూత్ వదిలే సిగ్నల్ గరిష్ఠంగా 2.5 మిల్లీవాట్లు. మీ గదిలోని 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వాడేది దానికి 3,600 రెట్లు!

నవ నందుల నంద్యాల వాళ్లం, తొమ్మిది లెక్క మనకు అలవాటే. క్లాసిక్ బ్లూటూత్ లెక్క మాత్రం 7! ఒకేసారి ఏడు పరికరాలతోనే మాట్లాడగలదు!

ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపేటప్పుడు రెండు తెరల మీదా ఒకే ఆరంకెల సంఖ్య వస్తుంది. చూడకుండా ‘ఓకే’ కొట్టకండి! మధ్యలో ఎవరైనా దూరి దొరక్కుండా ఉండాలంటే రెండు సంఖ్యలూ కలవాలి. అలా కలిసే అవకాశం 10 లక్షల్లో ఒక్కటి! రెండు క్షణాల చూపుతో ఇంత కాపలా!

ఒకప్పుడు ఇంట్లో రేడియో పెట్టుకోవాలన్నా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి. బ్లూటూత్ తిరిగే ఈ తరంగాలకు మన దేశంలో 2005 నుంచి లైసెన్సే అక్కర్లేదు!

ఇంకొకటి చెబుతా. పాట తెగిపోతోందా? మౌస్ తడబడుతోందా? నీలం రంగు యూఎస్‌బీ సాకెట్లో హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. ఆ యూఎస్‌బీ 3 తీగల నుంచి పుట్టే రొద సరిగ్గా ఇదే ఫ్రీక్వెన్సీలో పడుతుంది! 2012లో ఇంటెల్ ఇంజనీర్లే పత్రం రాసి మరీ చూపించారు. డిస్క్‌ను కాస్త దూరం జరపండి. పాట మళ్లీ సాఫీగా వస్తుంది!